నేను లేకున్నా నడిచే బండి

"బండి మళ్లా ఆగిందంట, చూడు" అని దుకాణం నుంచి భర్త నయీం ఫోన్ చేసేటప్పటికి రిహానా చేతులు రెండూ నీళ్లలో ఉన్నాయి. ఉగ్గానికి నానేసిన బొరుగులను పిడికిట్లో పిండి పళ్లెంలో వేస్తోంది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని "ఏమైంది?" అంది.

"ఏమైందో నాకేం తెలుసు? కర్నూలాయప్ప దుడ్లు కట్టినాడంట, మనకు ఆర్డరు రాలేదు. నోటికొచ్చినట్టు తిడతాండాడు. బిర్నా చూడు, ఆలస్యం చేయొద్దు."

రిహానా చేతులు చున్నీకి తుడుచుకుంది. వంటింటి గట్టు మీద ఆవాల డబ్బాను పక్కకు జరిపి ల్యాప్‌టాప్ తెరిచింది. బండి అంటే వాళ్ల పరుపుల దుకాణం వెబ్‌సైట్‌లో ఉండే షాపింగ్ కార్ట్. కొనేవాళ్లు పరుపు ఎంచుకోవడం, కొలతలు చెప్పడం, డబ్బు కట్టడం అంతా అందులోనే. అది మొదలుపెట్టిన కొత్తలో మామ కమాల్ బాషా "కార్టంటే ఏందిరా?" అని అడిగితే నయీం "బండి నాయనా" అన్నాడు. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదికీ అది బండే. అది పరుగెత్తుతుంది, ఆగుతుంది, మొరాయిస్తుంది. ఆగినప్పుడల్లా రిహానాకు ఫోన్ వస్తుంది.

డబ్బు చెల్లింపులు చూసే కంపెనీవాళ్లు రాత్రికి రాత్రి తమ పద్ధతి మార్చారు. వాళ్లు పంపే జవాబు కొత్త రూపంలో వస్తోంది. ఆమె ఏళ్ల కిందట రాసిన ప్రోగ్రామ్ మాత్రం పాత జవాబు కోసమే ఎదురుచూస్తూ, వచ్చినదాన్ని గుర్తుపట్టక గడప బయటే నిలబెట్టేసింది. తప్పు ఎక్కడుందో వెతికి, నాలుగు వరుసలు మార్చి, ఒకసారి పరీక్షించి చూసి నయీంకు ఫోన్ చేసింది. "అయింది."

"సరే" అని పెట్టేశాడు.

పళ్లెంలోని బొరుగులు ముద్దయ్యాయి. నడవలో కుట్టుమిషన్ ముందు కూర్చున్న అత్త బీబీజాన్, చక్రం ఆపకుండానే, "బొరుగులు మెత్తబడినాయేమో చూడమ్మా" అని కేకేసింది. అప్పటికే ఆలస్యమైంది. నాష్టాకు కూర్చున్న కమాల్ బాషా పళ్లెం వైపు చూసి, "ఏంది, ఈ పొద్దు ఉగ్గాని చేస్తావనుకుంటే పొంగలి చేసినావే!" అన్నాడు. అందరూ నవ్వారు. రిహానా కూడా నవ్వింది. కర్నూలాయన పరుపు ఆర్డరు దుకాణానికి చేరిందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఉగ్గాని పాడైన సంగతి మాత్రం మధ్యాహ్నం దాకా ఇంట్లో తిరుగుతూనే ఉంది.

*

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి వెనక సందులో కమాల్ బాషా దుకాణం. వాళ్లది దూదేకే కులం. ఆయన చిన్నప్పుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ నింపి కుట్టి ఇచ్చేవాడు. తర్వాత అంగడి పెట్టాడు. ఫోము పరుపులు వచ్చాక గిరాకీ పడిపోయింది. రిహానా కోడలిగా వచ్చేనాటికి దుకాణంలో ఈగలు తోలుకుంటున్నారు.

పులివెందులలో ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఉద్యోగం వచ్చిందన్న కాగితం చేతికందిన నెలలోనే ఆమెకు పెళ్లయింది. "ఉద్యోగానికేం తొందర, ఇంట్లోనే కంప్యూటర్ పెట్టిస్తాంలే" అన్నారు. పెట్టించారు కూడా, అది నిజమే. మహీన్ పుట్టిన ఎండాకాలంలో ఒకరోజు నయీం దిగాలుగా వచ్చి కూర్చుంటే, "మన పరుపులు బెంగళూరోళ్లకు అమ్ముదాం. వెబ్‌సైట్ నేను కడతా" అంది ఆమే.

ఆ రోజులు తలుచుకుంటే రిహానాకు ఇప్పటికీ ఒళ్లు తేలికవుతుంది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, దూలానికి వేలాడే ఉయ్యాల తాడు కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని కూర్చునేది. కాలు మహీన్‌ను ఊపేది, రెండు చేతులూ కీబోర్డు మీద నడిచేవి. బయట ఎండ, లోపల ఉయ్యాల కొక్కెం కిర్రుకిర్రు, మధ్య మధ్య కొత్త దూది వాసన. అప్పట్లో దొరికే రెడీమేడ్ కార్టులు కొన్నింటిని చూసింది. అవన్నీ చొక్కాలు అమ్మేవాళ్ల కోసం చేసినవి. చిన్నదా, మధ్యదా, పెద్దదా అని అడుగుతాయి. పరుపు అట్లా కాదు. ఒకరిది పాతకాలపు టేకు మంచం, ఇంకొకరిది నులక మంచం, ఇంకొకరిది ఉయ్యాల. పొడవు, వెడల్పు చెబితే ఎన్ని కిలోల దూది పడుతుందో, ఎంత గుడ్డ పడుతుందో లెక్క కట్టి ధర చెప్పాలి. దూది బూరుగుదా, పత్తిదా అన్నది వేరే. అందుకని ఏదీ వద్దనుకుని మొదటి అక్షరం నుంచి తానే రాసింది.

లెక్క నేర్పింది బీబీజాన్. "జంట మంచానికి కుక్కి కుక్కి నింపితే రాయి అయితాది, తక్కువ పోస్తే రెండు నెల్లకే పల్లం పడతాది" అంటూ గోడౌన్‌లో దూది కుప్ప మధ్య కూర్చోబెట్టి చేత్తో చూపించింది. ఆ చేతి అంచనాను రిహానా అంకెల్లోకి మార్చింది. అత్తాకోడళ్లు ఇద్దరూ ముక్కుల మీద దూది నూగుతో బయటికొస్తే నయీం పకపకా నవ్వాడు. మొదటి ఆర్డరు అనంతపురం నుంచి, ఉయ్యాల పరుపు. దాన్ని బీబీజాన్ మూడుసార్లు విప్పి కుట్టింది, దూరం పోయేది గదా అని.

నయీం వీధంతా మైసూర్‌పాకు పంచాడు. "మేం ఆన్‌లైన్ పెట్టినాం" అని చెప్పాడు. ఎవరైనా "ఎవురు చేసిచ్చినారప్పా వెబ్‌సైటు?" అని అడిగితే, "ఇంట్లోనే చేసుకున్నాం" అనేవాడు. ఊరగాయ గురించి చెప్పినట్టు. ఆ మాటలో తాను ఎక్కడ ఉందో రిహానా వెతుక్కునేది. అందులో అబద్ధం లేదు. అబద్ధమే అయితే పోట్లాడవచ్చు.

తర్వాత్తర్వాత ఆ బండి ఆమెను వదల్లేదు. ఎక్కడికి వెళ్లినా ల్యాప్‌టాప్ సంచీ భుజాన ఉండాల్సిందే. ఆడపడుచు పెళ్లిలో గోరింటాకు చేతులతో, ఒక్క వేలు విడిపించుకుని సరిచేసింది. జమ్మలమడుగులో నాయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా సరిచేసింది.

ఆమె నాయన పీర్ సాహెబ్ జమ్మలమడుగులో రైతుల బోరు మోటార్లకు వైండింగు చేసేవాడు. కాలిపోయిన మోటారును విప్పి, మాడిన రాగితీగ లాగేసి, కొత్త తీగ చుట్టేవాడు. చిన్నప్పుడు రిహానా పక్కన కూర్చుంటే ఏ చుట్టు ఎందుకో చెప్పేవాడు. అడిగిన ప్రతివాడికీ పని నేర్పేవాడు. "నీ కడుపు నువ్వే కొట్టుకుంటాండావు" అని పక్క అంగడాయన మందలిస్తే, "నాకొక్కనికే వస్తే పండగ పూట గూడా నన్ను ఇంట్లో కూర్చోనియ్యరప్పా" అని నవ్వేవాడు.

నాయన ఆఖరి రంజాన్ నెలలో, ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన రిహానా ఉండగా నయీం ఫోన్ చేశాడు. పండగ గిరాకీ, బండి ఆగింది, ఆర్డర్లు ఇరుక్కుపోయాయి. "ఒక్క అరగంట" అన్నాడు. ఆమె వరండాలో బల్ల మీద కూర్చుని చూస్తుంటే, లోపలి నుంచి నాయన పిలిచాడు.

"ఏందమ్మా, తీగ తెగిందా?"

"అవును నాయనా."

"యాడ తెగిందో కనుక్కున్యావా?"

"కనుక్కుంటాండా."

"కనుక్కుంటావులే" అన్నాడాయన.

బండి బాగయ్యేసరికి ఆయన నిద్రపోయాడు. ఆ వారంలోనే పోయాడు. ఆమె పని గురించి, అది ఎంతసేపట్లో అవుతుందని కాకుండా, ఎక్కడ తెగిందని అడిగిన మనిషి ఆయనొక్కడే. నయీం చెడ్డవాడు కాదు. ఆసుపత్రికి డబ్బు పంపాడు, జనాజా మోశాడు. కానీ ఆ వరండా బల్ల మీద గడిచిన పూట గురించి నయీంతో మాట్లాడాలని ఆమె ఎన్నిసార్లు అనుకున్నా, ఎట్లా మొదలుపెట్టాలో తెలియలేదు.

*

నయీం తమ్ముడు అన్సర్ కువైట్‌లో ఒక పెద్ద అంగడిలో పనిచేసి, ఇక చాలని తిరిగొచ్చాడు. వచ్చీ రాగానే దుకాణాన్ని పెద్దది చేద్దామన్నాడు. తిరుపతి నుంచి వెబ్‌సైట్లు చేసే కంపెనీ మనిషిని పిలిపించాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, మాట మెత్తన. రిహానా టీ తెచ్చేసరికి ఆయన నడవలో కూర్చుని, ల్యాప్‌టాప్ తిప్పి కమాల్ బాషాకు బొమ్మలు చూపిస్తున్నాడు.

"మీ కోసం ప్రత్యేకంగా, పునాది నుంచి కొత్తగా కట్టిస్తామండి. మార్కెట్లో ఓపెన్ సోర్స్ అని ఫ్రీగా దొరికేవి కూడా ఉన్నాయి. కానీ అవి చిన్నా చితకా వాళ్లకి."

"ఊరకే వచ్చేదానికి ఇలువేముంటాది" అన్నాడు కమాల్ బాషా.

"కరెక్ట్‌గా చెప్పారండి" అన్నాడాయన. తర్వాత ఇప్పుడున్న బండిని తెరిచి కాసేపు చూశాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఇదెవరు రాశారండి? మొత్తం చేత్తో రాసినట్టుందే."

"ఇంట్లోనే చేసుకున్నామప్పా" అన్నాడు నయీం.

రిహానా పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. నోరు తెరిచేదాకా తాను మాట్లాడబోతున్నట్టు ఆమెకే తెలియదు. "మీరు కొత్తగా కట్టింది మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు కదా. రేపు మీ కంపెనీ మూసేస్తే దాన్ని ఎవరు చూస్తారు?"

ఆయన నయీం వైపు తిరిగి జవాబు చెప్పబోయాడు. అన్సర్ అడ్డొచ్చాడు. "ఆయమ్మకు చెప్పండి సార్. ఇది రాసింది మా వదినే."

ఆ వాక్యం ఆ ఇంట్లో పైకి వినిపించడం అదే మొదటిసారి. ఆ మనిషి ఇంకోసారి తెర వైపు చూసి, ఈసారి మర్యాదగా, "చాలా బాగా రాశారు మేడమ్. కానీ ఒక్కరికే అర్థమయ్యేలా ఉంది" అన్నాడు.

అతను వెళ్లిపోయినా ఆ మాట మాత్రం రిహానా దగ్గర ఉండిపోయింది. ఒక్కరికే అర్థమయ్యేలా. తాను గర్వంగా దాచుకున్నది అదే. తనను ఇన్నేళ్లు కట్టిపడేసిందీ అదే. నేను లేకపోతే బండి కదలదు అన్న మాటను ఆమె తన విలువ అనుకుంటూ వచ్చింది. అది విలువ అయితే, నాయన మంచం దగ్గర నుంచి తనను లేపి వరండాలో కూర్చోబెట్టింది ఏమిటి?

"తిరుపతోళ్లూ వద్దు, ఎవురూ వద్దు" అన్నాడు నయీం. "మనకు రిహానా ఉండాది గదా. ఉండేది నడుస్తాంది. నడిచేదాన్ని ఎందుకు కెలకాల?"

"నడవదు" అంది రిహానా. "నేను రాసిన కాలం వేరు. సర్వరోళ్లు పాత పద్ధతిని తీసేస్తామని మెయిల్ మీద మెయిల్ పెడతాండారు. దుడ్లు కట్టించుకునే కంపెనీ మారినప్పుడల్లా నేను గోడకు సున్నం పూసినట్టు పూస్తాండా. ఇంక నా వల్ల కాదు. ఓపెన్ సోర్స్ పెడదాం."

"ఊరకే వచ్చేదా?" కమాల్ బాషాకు నమ్మకం కుదర్లేదు.

"ఊరకేనే మామా. కానీ తక్కువది కాదు. వేలమంది కలిసి రాసినారు. వండి పెట్టి, ఎట్లా వండినారో గూడా చెప్పి, మీకు నచ్చినట్టు ఉప్పు కారం మార్చుకోండి అన్నట్టు. యాడన్నా చెడితే ఎవరో ఒకరు బాగుచేస్తారు. ఎవరు ఏ ముక్క రాసినారో పేరు ఉంటాది. నేర్చుకున్నోళ్లు ప్రతి ఊర్లో ఉంటారు. మన పరుపు కొలతల లెక్క అందులో లేదు, అదొక్కటి నేను రాసి అతికిస్తా."

"దుడ్లు తీసుకోకుండా అన్నేసి పనులు ఎవురు చేస్తారమ్మా ఈ కాలంలో?"

నడవ మూలలో కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఆ దుకాణంలో అమ్మిన ప్రతి పరుపు గుడ్డా పెళ్లయిన నాటి నుంచి ఆ మిషన్ మీదే కుట్టిన బీబీజాన్ తల ఎత్తలేదు. "చేసేటోళ్లు ఉంటార్లే" అంది, దారం పంటితో తెంపుతూ.

కమాల్ బాషా గొంతు సవరించుకుని టీగ్లాసు అందుకున్నాడు.

నయీం మాత్రం రిహానానే చూస్తున్నాడు. "నీ చేత్తో కట్టిందాన్ని నువ్వే పీకేస్తావా?" ఆ గొంతులో నిజంగా బాధ ఉంది.

"నేను లేకున్నా నడిచే బండి గావాల."

"లేకుండా నువ్వు యాడికి పోతావు?" అన్నాడు. అన్సర్ నవ్వాడు. నయీం కూడా నవ్వాడు. ఎగతాళి లేదు ఆ నవ్వులో. ఆమె ఎక్కడికైనా వెళ్లగలదన్న ఊహ వాళ్లకు నిజంగానే తమాషాగా తోచింది. రిహానా ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లింది.

*

మార్చడానికి చలికాలమంతా పట్టింది. పాత బండిలో ఏముందో చదవనిదే కొత్తదానికి ఎత్తలేం. తాను రాసిందే ఒక్కొక్క పేజీ చదువుతూ పోతుంటే రిహానాకు పాత ఇంటి గదుల్లో తిరుగుతున్నట్టుండేది. ప్రోగ్రామ్ మధ్యలో తనకోసం తాను రాసుకున్న మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగులో కనిపించాయి. 'మహీన్ లేచింది, మిగతాది రేపు.' 'ఇక్కడ అత్తను అడగాలి.' 'కరెంటు పోయింది.' ఒకచోట 'వచ్చేసింది!!!' అని ఉంది. ఏం వచ్చేసిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ ఆశ్చర్యార్థకాలు పెట్టిన పిల్ల మీద మాత్రం బోలెడు ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ పిల్లకు ఇంత చక్కటి పని చేతనవుతుందని ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

బాధ లేకపోలేదు. చాలా చోట్ల తాను రోజుల తరబడి తలబద్దలు కొట్టుకుని రాసింది, కొత్తదానిలో ముందే ఉంది, ఇంకా మేలుగా. ఒక సాయంత్రం అదంతా చూసి, మహీన్‌కు జడ వేస్తూ, ఎందుకు రాశానా అనుకుంది. వెంటనే, ఎందుకంటే అప్పుడు బతికున్నట్టుండేది అనుకుంది. "అమ్మా, నొప్పి!" అని మహీన్ అరిస్తే గాని జడ బిగించేస్తున్నట్టు తెలియలేదు.

పరుపు కొలతల లెక్కను మాత్రం విడిగా, శుభ్రంగా, ఎవరు చదివినా అర్థమయ్యేటట్టు రాసింది. కొత్తదానికి అతికించింది. దాన్ని తమ దుకాణానికే ఉంచుకోవచ్చు. కానీ తాను ఇంతమంది రాసింది ఊరికే తీసుకుంది కాబట్టి తనది కూడా అక్కడే పెట్టాలనిపించింది. పెట్టేటప్పుడు ఆ సైటు రాసినవారి పేరు అడిగింది. అలవాటు కొద్దీ దుకాణం పేరు కొట్టింది. కాసేపు దాన్నే చూసింది. చెరిపేసి, 'రిహానా, ప్రొద్దుటూరు' అని రాసింది.

కొత్త బండిలో ప్రతి వస్తువు కిందా తయారుచేసినవారి పేరుకు ఒక చోటు ఉంది. అక్కడ 'కుట్టినది: బీబీజాన్' అని పెట్టింది. అత్తకు ఫోన్‌లో చూపిస్తే, "నా పేరు ఎందుకమ్మా దాంట్లో?" అని కసిరింది. సాయంత్రం పక్కింటామె వచ్చినప్పుడు, "అదేందో చూపించినావే పొద్దున, ఇంగోసారి తీ" అంది.

కొత్త బండి నడవడం మొదలైన నెలకు దుకాణం ఫోన్‌కు ఒక పిలుపు వచ్చింది. నయీం ఇంటికొచ్చి ఫోన్ చేతికిచ్చాడు. "నీకేనంట. ఎవురో హేమలతంట."

"ఏమే తిక్కదానా, బతికే ఉండావా!" అంది ఆ గొంతు.

రిహానా మిద్దెమెట్ల మీదే కూర్చుండిపోయింది. పులివెందుల హాస్టల్లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న హేమలత. వేంపల్లె దగ్గర చీనీ, అంటే బత్తాయి తోటలున్న రైతుల పిల్ల. పెళ్లయ్యాక రిహానా నంబరు మారింది, బయటివాళ్లకు దుకాణం నంబరే తన నంబరైంది, అట్లా తప్పిపోయారు. హేమలత మాట వినగానే ల్యాబులో తిరగని ఫ్యాను, ఇంటి నుంచి ఆమె తెచ్చే చీనీకాయల వాసన, వేడి వేడి చెనక్కాయల పొట్లం పట్టుకుని రింగురోడ్డు మీద నడిచిన సాయంత్రాలు అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. కరెంటు పోతే ఇద్దరూ పెన్సిలుతో కాగితం మీద ప్రోగ్రామ్ రాసి, "నువ్వు మెమరీ, నేను ప్రాసెసర్" అని ఎదురెదురుగా కూర్చుని నోటితోనే నడిపించేవాళ్లు. తప్పు దొరికితే గది అదిరిపోయేలా నవ్వేవాళ్లు. ఫైనలియర్ ప్రాజెక్టు చూసి సారు, "ఏ అబ్బాయి చేసిచ్చాడు?" అని అడిగితే హేమలత, "మా గదిలోకి అబ్బాయిల్ని రానియ్యరు సార్" అంది.

"నేను ఈడ ఉండానని నీకెట్లా తెలిసిందే?"

"బెంగళూరు ఉద్యోగం వదిలేసొచ్చి పులివెందులలో చిన్న ఆఫీసు పెట్టుకున్యా. వేంపల్లె, చక్రాయపేట అంగళ్లోళ్లకు వెబ్‌సైట్లు పెట్టిస్తాండా, ఓపెన్ సోర్స్‌తోనే. వేంపల్లెలో కర్టెన్ల అంగడాయప్ప కొలతల లెక్క గావాలన్యాడు. వెతికితే ఒకటి దొరికింది. తెరిచి చదివితే, ఇదేందిది, ఇట్లా మెట్టుమెట్టుకీ చెప్పుకుంటా రాసేది ఒక్కతే గదా అనుకున్యా. పేరు చూసినా. నీదే. ప్రొద్దుటూరులో మీ అంగడి నంబరు వెతికి పట్టుకున్యా. నా ఒక్కదాని వల్ల కావడంలేదే. రా. జీతానికే పిలుస్తాండా, సాయానికి కాదు. వారంలో మూడు దినాలు ఆఫీసుకు రా, మిగతాది ఇంటి నుంచి చెయ్."

"చూస్తాలే" అంది రిహానా. ఫోన్ పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. చాలా రోజులు చెప్పలేదు. అన్నం వారుస్తూ, బట్టలు మడతపెడుతూ ఆ మాటను లోపల తిప్పుకుంటూ ఉంది. ఈలోగా అన్సర్‌కు కొత్త బండి నడపడం నేర్పింది. కువైట్ అంగట్లో ఇట్లాంటిదే చూశానంటూ అతను తొందరగానే పట్టుకున్నాడు. ఒకరోజు ఏదో ఆగితే, అతను ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాట్లాడుకునే చోట ప్రశ్న పెట్టి, జవాబు తెచ్చుకుని, తానే సరిచేశాడు. ఆ సంగతి రిహానాకు రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. ఆనందపడింది. చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. ఆ ముల్లును చూసి తనకే నవ్వొచ్చింది.

*

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఇంట్లోనే ఉన్నారు. కొత్తది నడుస్తున్నా ఇన్నాళ్లు పక్కన ఉంచిన పాత బండిని శాశ్వతంగా ఆపేయాల్సిన రోజు.

"ఉండనీ ఒక పక్కన" అన్నాడు నయీం. "ఎందుకైనా మంచిది."

"వద్దు. ఉంటే దాన్ని చూసుకునేదానికి మళ్లా నేను గావాల" అంది రిహానా. ఆపేసింది. తెర మీద తాను ఎన్నో ఏళ్లు చూసిన మొదటి పేజీ పోయి తెల్లగా అయింది. మూత దించి, దాని మీద చేయి పెట్టుకుని కూర్చుంది.

"అయితే ఇంగ నీకు పని లేనట్టే" అన్నాడు నయీం ఉత్సాహంగా. "ఖాళీనే గదా. రేపట్నుంచి అమ్మకు మిషన్ కాడ సాయం చెయ్. పెండ్లిళ్ల గిరాకీ ఉండాది."

"ఖాళీ కాదు" అంది రిహానా. "రేపట్నుంచి పులివెందులకు పోతాండా. హేమలత ఆఫీసులో ఉద్యోగం, వస్తానని చెప్పేసినా. వారంలో మూడు దినాలు."

కమాల్ బాషా పేపరు దించాడు. అన్సర్ తలెత్తాడు. బీబీజాన్ మిషన్ ఆగింది.

"నన్ను అడక్కుండానే?" అన్నాడు నయీం.

"ఇప్పుడు చెప్తాండా గదా."

"అంత దూరమా? పొద్దున పోతే సందకాడికి గదా వచ్చేది! మరి ఇల్లు?" ఆయన గొంతులో కోపం కంటే కంగారు ఎక్కువుంది. "పాలాయప్పకు ఎవురు చెప్తారు, నాయన మాత్రలు ఎవురిస్తారు, మహీన్ ట్యూషన్... అవన్నీ నీకే గదా తెలుసు!"

రిహానా ఆయన్ను చూసింది. ఈ మాట కోసమే ఇన్నాళ్లు ఎదురుచూసినట్టు అనిపించింది. "అదే చెప్తాండా. పాలు ఎన్ని పోయించుకోవాలో, ఏ మాత్ర ఏ పూటకో, గ్యాసు ఎప్పుడు అయిపోతాదో, అంతా నా ఒక్కదాని తలకాయలో ఉండాది. ఈ ఇల్లు గూడా నేను లేకుంటే ఆగిపోయే బండే. దీన్ని గూడా నేనే అట్లా కట్టినా. ఇంగ అట్లా వద్దు. అందరికీ తెలియాల."

బీబీజాన్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. నడుము పట్టుకుని నెమ్మదిగా వచ్చి రిహానా పక్కన మంచం మీద కూర్చుంది. రెండు కాళ్లూ పైకి ముడుచుకుంది. కుట్టాల్సిన గుడ్డ మిషన్ మీదే సగంలో ఉంది.

"టీ తాగాలనిపిస్తాందిరా నయీం" అంది.

నయీం రిహానా వైపు చూశాడు. రిహానా కదల్లేదు. తమ్ముడి వైపు చూశాడు. అన్సర్ పైకప్పు చూస్తున్నాడు. చివరికి లేచి వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి రెండో వెలిగింపుకి అంటుకున్న చప్పుడు. గిన్నె పెట్టిన చప్పుడు. తర్వాత డబ్బా మూతలు ఒక్కొక్కటే తెరిచి మూస్తున్న చప్పుడు. ఒకటి, ఇంకొకటి.

"రిహానా, చక్కెర యాడుంది?"

గట్టు మీద, కిటికీ పక్కన, నీలం మూత డబ్బా. మాట నాలుక చివరిదాకా వచ్చింది. రిహానా పెదాలు బిగించుకుంది. వంటింట్లో ఇంకో మూత తెరుచుకుంది.

"వెతుకు" అంది. "దొరుకుతాది."